వెనకనుంచే కొలిచిన నక్క

ఈ కథలో ఆవగింజంత అబద్ధం ఉన్నా సరే, పొయ్యి మీది పాలు ఈ క్షణమే విరిగిపోవాలి. పెంచి చెప్పింది ఒక్క ముక్క లేదు. నమ్మరేమోనని తగ్గించి చెప్పినవి మాత్రం కొన్ని ఉన్నాయి.

నల్లమల కొండల అంచున ఏనుగుల బీడని ఒక పచ్చికబయలు ఉండేది. ఈ చివర ఆవు తుమ్మితే ఆ చివర ఆవు మర్నాటికి గాని 'చిరంజీవ' అనేది కాదు, అంత వెడల్పు. ఆ బీడులో కాపరి లేని ఆవులమంద ఒకటి మేస్తుండేది. ఎముకల మీద తోలు ఆరేసినట్టుండే పశువులు. పరుగు మాత్రం పరుగే. ఒక్కసారి లంకించుకున్నాయంటే వాటి నీడలు వెనకబడిపోయి, ఎక్కడెక్కడో తిరిగి, మధ్యాహ్నానికి ఆయాసపడుతూ వచ్చి కలిసేవి.

మందకు పెద్ద బొల్లెమ్మ. నల్లటి మొహం మీద జానెడు తెల్లమచ్చ ఉన్న ఆవు. తక్కువ మాట్లాడేది. ఏదైనా అడిగితే ముందు నెమరు వేసి, ఆ తరవాత జవాబిచ్చేది. ఒక్కోసారి జవాబు వచ్చేసరికి అడిగినవాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కూడా కనేసి ఉండేవాళ్ళు.

ఆ కొండలన్నిటికీ దొర ఒక పెద్దపులి. అది గాండ్రిస్తే మూడు కొండల అవతల చింతకాయలు రాలేవి. కానీ ఏం లాభం? ఆ ఏడు వేసవిలో ఒకనాడు ఈ మందను పొద్దుటినుంచీ తరిమి తరిమి, నాలుక నేలకు ఆనించి బండ కింద కూలబడింది. ఆవులన్నీ వాగుకు అవతలి గట్టున నిలబడి చూస్తున్నాయి. అప్పుడు బండ మీదికి ఎక్కి గొంతు సవరించుకుంది ఒక నక్క.

దాని పేరు మూరలయ్య. దానికి కుచ్చుతోక ఉంది. తోకతో కొలవని వస్తువు ఆ అడవిలో లేదు. గుహ వాకిలి మూడు తోకలు, వాగు పన్నెండు తోకలు, కుందేలు ముప్పావు తోక. ఆకాశం ఒక్కటే మిగిలింది, అదీ తీరిక లేక.

"దొరా, మీకింత కష్టం దేనికి?" అంది మూరలయ్య, గట్టు మీది ఆవులకు కూడా వినపడేట్టు. "మీరు పరిగెత్తి పట్టేలోపు నిన్న తిన్నది కూడా అరిగిపోతోంది. పట్టాక చూస్తే ఏముంది? తోలూ, నాలుగు కొమ్ములూ!"

"ఆవుకు రెండు కొమ్ములే గదరా."

"ఆకలితో ఉన్నప్పుడు పనికిరానివి రెట్టింపు కనిపిస్తాయి దొరా. నా మాట వినండి. ఋతువుకొక కోడెను వాళ్ళే మీ గుహ దగ్గరికి పంపిస్తారు. మీరు పరిగెత్తక్కర్లేదు. బదులుగా రేచుకుక్కల్నీ చిరుతల్నీ ఈ బీడు తొక్కనివ్వకండి. ఏం బొల్లెమ్మక్కా, నీకు సమ్మతమేనా?"

బొల్లెమ్మ నెమరు వేసింది. పోయిన ఏడు రేచుకుక్కలు తీసుకుపోయిన దూడలు ముప్ఫైకి పైనే. దొర అడుగుతున్నది ఏడాదికి ఆరు. ఆ ఆరు ఎవరు కన్న ఆరు అన్న ఆలోచన కూడా వచ్చింది, దాన్ని మింగేసింది. "సరే" అంది.

"ఇంకొకటుంది. ఏ కోడె మందకు ఆబోతుగా ఉండాలో, ఏవి దొరగారికి పోవాలో నేను తేలుస్తాను."

"తేల్చడానికి నువ్వెవరివి తమ్ముడూ?"

"కొలిచేవాణ్ణి అక్కా" అని తోక ఊపింది మూరలయ్య.

మృగశిర కార్తె వచ్చింది. మొదటి వాన పడ్డ మర్నాడు పొద్దున్నే ఏడు కోడెలు వరసగా నిలబడ్డాయి. మూరలయ్య వాటి వెనక్కి పోయి, ఒక్కొక్కదాని తొడ చుట్టూ తోక చుట్టి కొలిచింది. ముందుకు మాత్రం రాలేదు. ముందు కొమ్ములుంటాయి, అక్కడ కొలవడానికి ఏముంటుంది? అన్నిట్లోకీ లావు తొడ మొద్దు అనే కోడెది. ఒకటింపావు తోక. దాన్ని మందకు ఉంచింది. తక్కిన ఆరూ దొరకు.

దొర బండ మీదినుంచి చూస్తూ ఉరిమింది. "ఒరే మూరలయ్యా! కండ పట్టినవాణ్ణి వాళ్ళకు వదిలి, పుల్లల్ని నాకు పెడతావా?"

"కోప్పడకండి దొరా. ఉన్న కిటుకంతా ఇక్కడే ఉంది. లావుపాటివాణ్ణి ఇవాళ మీరు తినేస్తే రేపు పుట్టేవన్నీ పుల్లలే. పుల్లల్ని మీరు తినేస్తే రేపు పుట్టేవన్నీ వీడి పిల్లలు. తండ్రి చేతిలో ఉంటే మంద చేతిలో ఉన్నట్టే. ఈ తరం నమలండి, వచ్చే తరం చప్పరించండి, ఆ పై తరానికి మీ పళ్ళు వెన్నలో దిగినట్టు దిగుతాయి."

దొరకు ఆ మాట నోరూరించింది.

ఆ ఆరింట్లో ఒకడు బొల్లెమ్మ కొడుకు. పేరు గాలోడు. మంద మొత్తానికీ వేగం వాడిదే. వాన మొదలయ్యాక బయల్దేరి, చినుకు తగలకుండా చెట్టు కిందికి చేరేవాడు. తొడ మాత్రం సగం తోకే.

"అమ్మా, నేను పరిగెత్తి పోగలను గదా. నన్నెవడు పట్టుకుంటాడు?" అన్నాడు, తన ఋతువు వచ్చిన రోజు.

"పోగలవు నాయనా. నువ్వు పోతే ఇచ్చిన మాట పోతుంది. మాట పోతే రేచుకుక్కలు వస్తాయి. నీ చెల్లెలికి ఇంకా కొమ్ములు కూడా మొలవలేదు."

గాలోడు చెల్లెలి వంక చూశాడు. ఆ రోజు మాత్రం నడిచే వెళ్ళాడు. జీవితంలో వాడు నడవడం అదే మొదటిసారి. బొల్లెమ్మ ఉన్నచోటునుంచి కదల్లేదు. ఎన్నాళ్ళు నిలబడిందంటే, కాళ్ళ దగ్గర గడ్డి పెరిగి కొమ్ముల దాకా వచ్చింది. మిగతా ఆవులు మేసుకుంటూ వస్తే గాని ఆమె ఎక్కడుందో తెలియలేదు.

ఏళ్ళు గడిచాయి. మూరలయ్య మాట నిజమే అయింది, అదే అసలు చిక్కు. మొద్దు పిల్లల తొడలు ఒకటిన్నర తోక. వాటిలో లావుపాటివాడి పిల్లలవి రెండు తోకలు. మనవలవి రెండున్నర. వీపులు చాపలు పరిచినట్టు వెడల్పయ్యాయి. ఒక ఆవు పడుకుని లేస్తే గుంట పడేది, వాన పడితే ఆ గుంటలో చేపలు పుట్టేవి. మూపురాల మీద కొంగలు కాపురాలు పెట్టి, ఈ మూపురం నాదంటే నాదని తగువులాడుకునేవి. పరుగు సంగతి మరిచిపోయాయి. పది అంగలు గబగబా వేస్తే చాలు, కూర్చుని పొద్దు గుంకేదాకా రొప్పేవి.

"చూశావా అక్కా" అనేది మూరలయ్య, ప్రతి మృగశిరకూ. "ఎలా ఉండేవాళ్ళు ఎలా అయ్యారు!"

బొల్లెమ్మ నెమరు వేసేది. నిజమే, దూడలు ఆరోగ్యంగా ఉన్నాయి. రేచుకుక్కలు రావడం లేదు. కడుపునిండా మేత ఉంది. మరి తన గుండెలో ఈ బరువేమిటో తనకే అంతుపట్టేది కాదు.

అంతుపట్టిన రోజు రానే వచ్చింది. గాలోడి చెల్లెలు చుక్కి, ఆరోగ్యంగా ఉన్న ఆవు, ఈనడానికి పొద మాటుకు పోయింది. పొద్దు నెత్తికెక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. దూడ ముందుకాళ్ళు వచ్చాయి, తల వచ్చింది, భుజాలు వచ్చాయి. తొడల దగ్గర ఆగిపోయింది. బొల్లెమ్మ పక్కనే నిలబడి కూతురి మొహం నాకుతూనే ఉంది.

"అమ్మా, ఇదివరకు మూడుసార్లు ఈనాను. ఇలా లేదే" అంది చుక్కి.

"కాసేపు ఓర్చుకో తల్లీ."

దూడ బయటపడింది. పడుతూనే లేచి నిలబడింది. చుక్కి మాత్రం మళ్ళీ లేవలేదు. ఆ ఏడు అలా లేవనివాళ్ళు మొత్తం నలుగురు.

కబురు విని మూరలయ్య పరిగెత్తుకొచ్చింది. చుక్కి పక్కనుంచే పోయి, పుట్టీ పుట్టని దూడ వెనక్కి చేరి తోక చుట్టింది. "ఒక తోక! పుట్టుకతోనే ఒక తోక! దొరగారికి ఈ మాట నేనే స్వయంగా చెప్పాలి."

"మూరలయ్యా" అంది బొల్లెమ్మ. "నీ తొడలు బయటికి రావడం లేదు."

"వచ్చిందిగా అక్కా! కళ్ళెదుట నిలబడే ఉంది గదా!"

"అది వచ్చిన దారి చూడు ఒకసారి."

మూరలయ్య చూడలేదు. "నా పని తొడ వరకేనక్కా. తక్కినవి మీ ఇంటి విషయాలు. అందులో నేను తలదూర్చడం బాగుండదు."

బొల్లెమ్మ నెమరు వేయడం మొదలుపెట్టింది. మూరలయ్య వెళ్ళబోయింది. ఎందుకో ఆ చూపు చూసి వెళ్ళలేకపోయింది. ఎండ చెట్టుకు ఇటునుంచి అటు మారింది. చివరికి బొల్లెమ్మ నోరు తెరిచింది.

"ఒక్కటి అడుగుతాను. ఏడాదికి ఒకణ్ణే ఉంచుతున్నావు. ఇకనుంచి ఇద్దర్ని ఎంచు. నీ తోక ప్రకారమే, అందరికంటే లావైన ఇద్దర్ని. ఆ ఇద్దరిలో ఎవరు ఉండాలో మేం తేల్చుకుంటాం. రెండోవాణ్ణి నీతో తీసుకుపో."

మూరలయ్య లోపల్లోపల నవ్వుకుంది. మొదటివాడికీ రెండోవాడికీ తేడా ఎంత? రెండు వెంట్రుకలంత. ఇద్దరూ తను ఎంచినవాళ్ళే. "అడగక అడగక అడిగావు. పోనీలే అక్కా, మీ ముచ్చట మీరు తీర్చుకోండి" అంది. దొరతో కూడా అదే చెప్పింది. ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు.

వచ్చే మృగశిరకు మూరలయ్య కొలిచి, ఇద్దర్ని నిలబెట్టి, పక్కకు పోయి కునుకు తీసింది. తల్లులన్నీ గుంపుగా చేరాయి.

"అవ్వా, ఇద్దరూ ఒకే లావు. ఇంకేం చూడాలి?" అంది ఒక పడుచు ఆవు.

"వీడి తల్లి ఎవరే?" అని అడిగింది బొల్లెమ్మ.

"నేనే పెద్దమ్మా."

"వీడు పుట్టినప్పుడు నువ్వెన్నాళ్ళకు లేచావు?"

"మూడు రోజులకు. ఇప్పటికీ వాన మబ్బు పడితే నడుము పట్టేస్తుంది."

"మరి వాడి తల్లి?"

ఇంకో ఆవు ముందుకొచ్చింది. "నేనైతే మేస్తూనే ఈనేశానత్తా. నోట్లో గడ్డిపరక కింద పడనే లేదు. ఏదో జారినట్టుందే అని చూస్తే వీడు. పిల్లికూనంత ఉన్నాడు. ఆ తరవాత ఏం తిన్నాడో ఏమో, ఇదిగో ఇలా అయ్యాడు."

"చిన్నగా పుట్టి పెద్దగా పెరిగేవాడు. వాడు ఉండాలి" అంది బొల్లెమ్మ. "ఇంకొక మాట కూడా చెప్పండి. మొన్న పొదలో కొండచిలువ కదిలినప్పుడు వీళ్ళు ఏ వైపు తిరిగారు?"

"మావాడు తోక తిప్పి పరిగెత్తబోయి పడ్డాడు."

"మావాడు తల దించి దాని వంకే చూశాడత్తా. అది వెళ్ళిపోయేదాకా చూశాడు."

"మనకు ఇక పరుగు లేదమ్మా. గాలోడి లాంటి వాళ్ళనందర్నీ దొరకే పంపాం. పరుగు లేనివాడు వెనక్కి తిరగడం వల్ల ఏం లాభం? వీపు చూపించడం తప్ప? పిల్లలకు ఇక ఎదురు తిరిగి నిలబడే తండ్రులే కావాలి."

అలా మొదలైంది. ఏటా మూరలయ్య వెనకనుంచి ఇద్దర్ని ఎంచేది. తల్లులు ముందునుంచి ఒకణ్ణి ఎంచేవి. ఓడిన రెండోవాడు తల్లి వంక చూసుకుంటూ నక్క వెంట పోయేవాడు. ఆ చూపు తప్పించుకోవడానికి బొల్లెమ్మ ఒక్కసారి కూడా మొహం తిప్పుకోలేదు. తేల్చింది తను కాబట్టి చూడాలి అనుకునేది.

ఆ రోజుల్లో ఆవులూ పులులూ నక్కలూ నూరేళ్ళు తేలిగ్గా బతికేవి కాబట్టి, అరవై ఏళ్ళు ఇలాగే నడిచింది. తొడలు నాలుగు తోకలయ్యాయి, అయిదయ్యాయి. ఆ తొడ చుట్టూ తిరిగి రావడానికి మూరలయ్యకు దారిలో ఒకసారి దాహం వేసేది. పుట్టిన దూడలు మాత్రం కుందేళ్ళంత ఉండేవి. పొదల్లో లేవని తల్లి ఒక్కటి కూడా లేదు. కొలిచేటప్పుడు కోడెలు మెడ తిప్పి ఆ నక్క వంక నిదానంగా, రెప్ప వాల్చకుండా చూసేవి. మూరలయ్య తలెత్తితే గదా ఆ చూపు కనపడ్డానికి! తోక ఎక్కడ కలిసిందా అని చూసుకుంటూ ఉండేది.

బొల్లెమ్మ ఇంకొకటి కూడా గమనించింది. దొర బీడు కాపలా మానేసి చాలా ఏళ్ళయింది. కూర్చున్న చోటికి భోజనం వస్తుంటే ఎవరు తిరుగుతారు? రేచుకుక్కలు అప్పుడప్పుడూ వస్తూనే ఉన్నాయి. గట్టెక్కి, వరసగా నిలబడ్డ మొహాలు చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి పోతున్నాయి. అంటే, మనం దేనికి కోడెల్ని పంపుతున్నట్టు? ఆ ప్రశ్నను బొల్లెమ్మ మూడు ఋతువులపాటు నెమరు వేసింది. జవాబు తెలుసు. ఇచ్చిన మాట మనమే దాటాలా అన్న దగ్గర ఆగిపోయేది.

ఆ మాట దొరే దాటింది.

ఆ ఏడు మందకు ఆబోతు దిమ్మిస. బొల్లెమ్మ మునిమనవడి కొడుకు. నడిస్తే బీడులో బావులు వాటంతటవే పడేవి. పక్క కొండల మీది ఆవులు వాడి నడక విని వాన వస్తుందనుకుని చెట్ల కిందికి చేరేవి. కానీ మహా నెమ్మదస్తుడు. వాడి కొమ్ముల మధ్య పిచ్చుక గూడు పెడితే, గుడ్లు పొదిగేదాకా తల వంచి మేయలేదు.

మూరలయ్య మంద దగ్గరికి వచ్చి మొహం అదోలా పెట్టింది. "అక్కా, దొరగారు ఈ ఋతువుకు దిమ్మిసనే అడుగుతున్నారు."

"ఆబోతును ఇచ్చే మాట లేదే?"

"నేనూ అదే చెప్పాను. వింటేనా! 'అరవై ఏళ్ళు మంచివాటిని చూస్తూ మిగిలినవి తిన్నాను. నా వయసైపోతోంది. ఇకనుంచి వేలు చూపించిందే తింటాను. వాడితో మొదలుపెడతాను' అన్నారు. నా మనసు కూడా బాగాలేదక్కా. అయిదు తోకలా రెండు జానలు! నా జీవితంలో ఇంత చక్కటి తొడ..." తోక కొసతో కళ్ళొత్తుకుంది.

తల్లులన్నీ బొల్లెమ్మ వంక చూశాయి. దిమ్మిస పోతే పోయేది ఒక్కడు కాదు. ఏటేటా తల్లులు ఒకడి కోసం ఇంకొకణ్ణి వదులుకున్నారు. అలా వదులుకున్నవన్నీ కలిసి ఆ ఒక్క ఒంట్లో నిలబడి ఉన్నాయి. అరవై ఏళ్ళ ఎంపిక ఒక్క గొంతులోకి దిగిపోతుంది. ఆ తరవాత దొర వేలు ఎవరి మీద ఆగితే వాళ్ళు.

ఈసారి బొల్లెమ్మ నెమరు వేయలేదు.

"అలాగే తమ్ముడూ. కానీ వీడు గుహ దాకా నడిస్తే కొండ కుంగిపోతుంది. దొరనే ఇక్కడికి రమ్మను."

ఎండ బాగా కాస్తుండగా దొర వచ్చింది. కొండ దిగడానికే రెండు చోట్ల కూర్చుంది. పొట్ట నేలను రాస్తోంది. మూరలయ్య ముందు నడుస్తూ పొదలు తప్పిస్తోంది.

మంద కదల్లేదు. దిమ్మిస ముందు నిలబడి ఉన్నాడు. అటూ ఇటూ కోడెలు, వాటి వెనక తల్లులు, మధ్యలో దూడలు. దొరకు కనపడినవన్నీ మొహాలే. ఒక్క తోక కూడా లేదు.

"ఊఁ, పరిగెత్తు" అంది దొర.

"ఎందుకు తాతా?" అన్నాడు దిమ్మిస. వెటకారం కాదు, వాడికి నిజంగానే తెలియదు.

"ఎందుకేమిటి! నువ్వు పరిగెత్తితే నేను వెనకనుంచి దూకాలి. పద్ధతి అదీ."

"నాకు పరుగు రాదు తాతా. మా ఇంట్లో ఎవరికీ రాదు. నువ్వే ముందునుంచి రా."

దొర ముందునుంచి చూసింది. నుదురు తలుపంత ఉంది. మెడ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలియడం లేదు. నోరు ఎంత తెరిచినా ఆ మెడలో మూలకు కూడా చాలదు. కొమ్ములు రెండే ఉన్నాయి గానీ, ఆ రెండూ చాలానే ఉన్నాయి. వాటి మధ్య రెండు కళ్ళు నిదానంగా, చెరువు నీళ్ళలా, తన మీదే ఆగి ఉన్నాయి.

"ఒరే మూరలయ్యా" అంది దొర, పెదవి కదపకుండా. "వీడు ముందువైపు ఇలా ఉంటాడని చెప్పలేదేం?"

"దొరా... నేను ముందువైపు ఎప్పుడూ వెళ్ళలేదు."

"అరవై ఏళ్ళలో?"

"తొడ వెనకే ఉంటుంది గదా దొరా!"

దొర గాండ్రించింది. మూడు కొండల అవతల చింతకాయలు రాలలేదు గానీ, పక్క చెట్టు మీద ఒక ఆకు కొంచెం ఊగింది. మంద మొత్తం ఒక్క అడుగు ముందుకు వేసింది. బెదిరించడానికి కాదు, సరిగ్గా వినపడలేదని. ఆ ఒక్క అడుగుకు నేల అదిరి, దొర వెనక్కాళ్ళ మీద చతికిలబడింది.

లేచి, ఒళ్ళు దులుపుకుని, ఎవరి వంకా చూడకుండా కొండ వైపు తిరిగింది. ఆవులు దొర వీపు చూడడం అదే మొదటిసారి. ముసలి తుంటి మీద తోలు వదులుగా వేలాడుతోంది. ఒక దూడ నవ్వబోతే బొల్లెమ్మ తలతో నెట్టింది. "ఉండవే. నవ్వేటంత చిన్న విషయం కాదు."

నాలుగు అంగలు వేశాక దొర ఆగి తల తిప్పింది. "ఒరే మూరలయ్యా. ఈ ఋతువుకు నాకు భోజనం రాలేదు."

"వస్తుంది దొరా, రేపో మాపో..."

"రేపటిదాకా దేనికి? నువ్వున్నావు గదా."

మూరలయ్య పెట్టిన పరుగు చూస్తే గాలోడు కూడా మెచ్చుకునేవాడు. దొర పదకొండు అంగలు తరిమి, కూర్చుండిపోయింది. ఆ నక్క బీడు పొలిమేర దాటుతూ బొల్లెమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఎంత ప్రాణభయంలోనైనా అది అడగకుండా ఉండలేకపోయింది.

"అక్కా, నిజం చెప్పు. ప్రతి తండ్రినీ ఎంచింది నేను. ఈ ముందువైపును ఎప్పుడు పెంచారు మీరు?"

"నువ్వు ఇద్దర్ని ఎంచావు. మేం ఒకణ్ణి ఎంచాం."

"ఇద్దరిలో ఒకడంటే ఎంతక్కా? రెండు వెంట్రుకల తేడా!"

"నీ తోక మీద రెండు వెంట్రుకలే. కానీ ఇద్దరిలో ఒకడంటే సగం తమ్ముడూ. ఏడాదికొక సగం చొప్పున అరవై ఏళ్ళు మాకు వదిలేశావు."

మూరలయ్య తన తోక వంక ఒకసారి చూసుకుంది. వెనక ఆకుల చప్పుడైతే వాగు దాటి పరుగెత్తింది. ఆ తరవాత అవతలి కొండల్లో పీతలు పట్టుకుని బతుకుతోందని కొంగలు చెప్పాయి. దొర కూడా కప్పలతో కాలక్షేపం చేస్తోందని అన్నాయి గానీ, కొంగలు కాస్త ఎక్కువ చేసి చెప్తాయి, వాటి మాట అంతగా పట్టించుకోవద్దు.

మళ్ళీ మృగశిర వచ్చింది. మొదటి వాన పడ్డ మర్నాడు, ఎవరూ పిలవకుండానే, అలవాటు కొద్దీ కోడెలు వరసగా వచ్చి నిలబడ్డాయి. వెనక ఎవరూ లేరు.

"అవ్వా, ఇప్పుడెవరు ఎంచుతారు?" అన్నాడు ఒకడు.

"మేమే" అంది బొల్లెమ్మ. "ఓడినవాళ్ళు ఎక్కడికీ పోనక్కర్లేదు. మేసుకుంటూ ఇక్కడే ఉండండి. అంతే తేడా."

తల్లులు ఉత్సాహంగా మొహాలు చూడ్డం మొదలుపెట్టాయి. ఎవడి చూపు నిలకడైంది, ఎవడు చిన్నగా పుట్టాడు, ఎవడు కొండచిలువకు ఎదురు తిరిగాడు. బొల్లెమ్మ మాత్రం వరస ముందు నిలబడి, ఏ మొహమూ చూడకుండా చాలాసేపు నెమరు వేస్తూ ఉండిపోయింది.

"ఏమిటత్తా ఆలోచిస్తున్నావు? మనం గెలిచాం గదా!"

"గెలిచాం. మూరలయ్యకు కనపడని వైపు మనం పట్టుకున్నాం. మరి మనకు కనపడని వైపేదో కూడా ఉంటుంది గదమ్మా? అక్కడ ఏం పెరుగుతోందో?"

బొల్లెమ్మ వరస చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి. ఆ తిరగడం ఎంత నిదానంగా సాగిందంటే, ఆ ఏటి ఆబోతు ఎవరో తేలేసరికి వచ్చే ఏటి వాన మొదలైంది.

నీతి: ఎంచేవాడు చూస్తున్న వైపు ఒక్కటే పెరగదు, చూడని వైపు కూడా పెరుగుతూనే ఉంటుంది.

అంతే, అయిపోయింది. పాలు చూడు, విరగలేదు గదా? ఇంకేం, లేచి నిలబడనే నిలబడ్డావు, ఆ చేత్తోనే సుబ్బరత్తమ్మ ఇంటికి వెళ్ళిరా. మన జల్లెడ తీసుకుపోయి నెలైంది, అడిగి పట్టుకురా. ఇంట్లో లేదని అంటుంది, నమ్మకు, తలుపు వెనకే ఉంటుంది.